లూపస్ ఉన్నవాళ్లు రక్తనాళాలను కాపాడుకోవడం ఎలా?

లూపస్ అంటే మన రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు. అది ఉందని తేలాక చాలామంది దృష్టంతా కంటికి కనిపించేవాటి మీదే ఉంటుంది. ముఖం మీద ఎర్రటి మచ్చలు, పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లు, దువ్వెనకు చుట్టుకొచ్చే జుట్టు. డాక్టర్ హెచ్చరిస్తే కిడ్నీల గురించి కూడా జాగ్రత్తపడతారు. రక్తనాళాల సంగతి మాత్రం తట్టదు. ముప్పై ఐదేళ్లకే గుండె పరీక్షలెందుకని ఇంట్లోవాళ్లు అంటారు. కానీ లూపస్ ఉన్నవాళ్లకు ఆధార్ కార్డులో ఉన్న వయసు ఒకటి, రక్తనాళాల వయసు ఇంకొకటి. ఆ రెండోది త్వరత్వరగా పెరుగుతుంది. దాన్ని నెమ్మదించే పనులు మన చేతిలో చాలానే ఉన్నాయి.

ఈ విషయం వైద్యులకు కొత్త కాదు. 1976లో టొరంటోలో మర్రే యురోవిట్జ్ బృందం గమనించిందేమిటంటే, లూపస్ తొలి ఏళ్లలో మరణాలకు జబ్బు తీవ్రత, ఇన్ఫెక్షన్లు కారణం, చాలా ఏళ్లు గడిచాక జరిగే మరణాల్లో మాత్రం గుండెపోటు ముందుకొస్తోంది. 1997లో పిట్స్‌బర్గ్‌లో సుసాన్ మాంజీ బృందం లెక్కతీస్తే, 35 నుంచి 44 ఏళ్ల మధ్య లూపస్ ఉన్న స్త్రీలకు గుండెపోటు వచ్చే అవకాశం అదే వయసు మిగతా స్త్రీలకంటే 50 రెట్లకు పైగా ఉంది. ఈ అంకె చూసి బెంబేలు పడకండి. ఆ వయసు ఆడవాళ్లలో గుండెపోటు చాలా అరుదు. అరుదైనదాన్ని 50తో హెచ్చించినా అది అందరికీ వచ్చేసే జబ్బు కాదు. అయితే యాభై దాటాక చూసుకుందాంలే అనే మాట మాత్రం లూపస్‌లో చెల్లదు.

నాళం లోపలి గోడకు చాలా పలుచని పొర ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా, నాళం అవసరాన్ని బట్టి సాగేలా చూసేది అదే. లూపస్‌లో మన రోగనిరోధక వ్యవస్థ ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది, తెల్ల రక్తకణాలు అతిగా రెచ్చిపోతాయి. దాంతో ఆ పొర దెబ్బతింటుంది, దాన్ని బాగుచేసే కణాలూ సరిగా పనిచేయవు. మంచి కొలెస్ట్రాల్ అని మనం చెప్పుకునే హెచ్‌డీఎల్ కూడా కొందరిలో తన రక్షణ గుణం పోగొట్టుకుంటుంది. వీటి మీద జబ్బును అణచడానికి వాడే స్టెరాయిడ్లు, కిడ్నీ జబ్బు, బీపీ తోడైతే నాళాలు బిరుసెక్కుతాయి, కొవ్వు పేరుకుంటుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో మెడ దగ్గరి ధమనుల్లో కొవ్వు పేరుకున్నవాళ్లు లూపస్ ఉన్నవారిలో 37 శాతం, లేనివారిలో 15 శాతం. వాళ్లలో చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు.

ముందు ఒక కాగితం తయారు చేసుకోండి

లూపస్ ఫైళ్లు లావుగా ఉంటాయి. డాక్టర్ దగ్గరున్న పది నిమిషాల్లో అందులోంచి ఏదీ దొరకదు. అందుకే ఒకే ఒక్క కాగితం మీద ఇవి రాసుకోండి: లూపస్ ఏ సంవత్సరం తేలింది, కిడ్నీ బయాప్సీ జరిగిందా, ఇప్పుడు వేసుకుంటున్న మందులు, వాటి మోతాదు, చివరిసారి కొలిచిన బీపీ, బరువు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), షుగర్, యూరిన్ ప్రోటీన్. ఇంట్లో అమ్మానాన్నలకో తోబుట్టువులకో చిన్న వయసులో, అంటే మగవాళ్లకు 55, ఆడవాళ్లకు 65 ఏళ్లలోపు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే అదీ రాయండి. గర్భస్రావాలు జరిగి ఉంటే తప్పకుండా రాయండి, ఎందుకో కిందకి వెళ్లాక తెలుస్తుంది. కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.

బీపీ ఇంట్లోనే చూసుకోండి

నన్నడిగితే లూపస్ ఉన్నవాళ్లు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటయ్యేది బీపీ మిషనే. మణికట్టుకు కట్టేది కాకుండా భుజం కింద కట్టేది కొనండి. పట్టీ మీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి, బిగుతుగా ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది.

కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లి రండి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే ఉండండి. ఫోన్ పక్కన పెట్టేయండి. చేతిని బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా పెట్టి కొలవండి. ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవండి. రెండూ రాసుకోండి. పొద్దున మందులు వేసుకోక ముందు, సాయంత్రం మళ్లీ, ఇలా వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం ఇలా చేస్తే చాలు, రోజూ కొలుస్తూ టెన్షన్ పడాల్సిన పని లేదు.

లూపస్ ఉన్నవారిలో బీపీ 130/80 లోపు ఉండేలా చూడాలన్నది యూరప్ రుమటాలజీ (లూపస్, కీళ్ల జబ్బులు చూసే విభాగం) నిపుణుల సంఘం 2022లో చేసిన సిఫారసు. 140 దాకా ఏం కాదులే అనే మాట మీకు వర్తించదు. పోయిన నెల వరకు మామూలుగా ఉన్న బీపీ ఉన్నట్టుండి పెరిగితే అది కిడ్నీలో లూపస్ రాజుకుంటోందనడానికి గుర్తు కావచ్చు. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా యూరిన్ టెస్ట్ చేయించండి.

ఏ పరీక్షలు, ఎప్పుడు?

కొలెస్ట్రాల్ పరీక్ష, అంటే లిపిడ్ ప్రొఫైల్, జబ్బు కాస్త అదుపులో ఉన్నప్పుడు చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది. లూపస్ విజృంభించినప్పుడు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరిగి, హెచ్‌డీఎల్ తగ్గి కనిపిస్తాయి. కొత్తగా స్టెరాయిడ్ మొదలైనప్పుడూ అంకెలు మారతాయి. మామూలుగా ఏడాదికోసారి సరిపోతుంది.

షుగర్ దగ్గర ఒక మెలిక ఉంది. పొద్దున వేసుకునే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. అందుకని పరగడుపున చేసిన షుగర్ మామూలుగా వచ్చి, మధ్యాహ్నం భోజనం తర్వాతది మాత్రం 200 దాటి ఉండొచ్చు. స్టెరాయిడ్ వేసుకుంటున్నవాళ్లు లంచ్ అయిన రెండు గంటలకు కూడా చూపించుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మంచి పరీక్షే కానీ, లూపస్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయే రకం రక్తహీనత ఉంటే అది తక్కువ చూపిస్తుంది. అలాంటివాళ్లు దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్షకు పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మంచిది. ఆ నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ సంగతి గట్టిగా చూడాలి. కిడ్నీ దెబ్బతినడం నాళాలకూ పెద్ద దెబ్బే. నెలసరి రోజుల్లో శాంపిల్ ఇవ్వకండి, లెక్క తప్పుతుంది.

జీవితంలో ఒక్కసారైనా చేయించాల్సినవి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ పరీక్షలు. ఇవి మూడు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా2 గ్లైకోప్రోటీన్. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురికి ఇవి ఉంటాయి. ఇవి ఉంటే రక్తం సిరల్లోనూ ధమనుల్లోనూ గడ్డకట్టే ముప్పు ఎక్కువ, గర్భస్రావాలూ జరుగుతాయి. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేసి ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తాత్కాలికంగా కనిపించి పోతుంటాయి. రెండోసారీ వస్తే తక్కువ మోతాదు ఆస్పిరిన్ కావాలా అన్నది డాక్టర్ తేలుస్తారు. మెడికల్ షాపులో కొని మీ అంతట మీరే మొదలుపెట్టే మందు కాదది.

ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. మన ఇళ్లలో పెళ్లికో వ్రతానికో నెలసరి వాయిదా వేసుకోవడానికి చుట్టుపక్కల వాళ్లను అడిగి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటాం కదా, ఆ అలవాటు లూపస్ ఉన్నవాళ్లకు పనికిరాదు. ఆ మాత్రలతోనూ కొందరికి రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. అంత అవసరమైతే మీ రుమటాలజిస్టుకు ఒక్క ఫోన్ చేయండి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మానొద్దు

అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనిపించేది దీని గురించే. లూపస్‌లో దాదాపు అందరికీ రాసే మాత్ర ఇది, మన దగ్గర హెచ్‌సీక్యూఎస్ పేరుతో ఎక్కువ దొరుకుతుంది. వేసుకున్న రోజు ఏ తేడా తెలియదు కాబట్టి ఎక్కువమంది ముందుగా మానేసేదీ ఇదే. ‘వేడి చేస్తోంది’ అని ఒకరు, ‘కళ్లు పోతాయట’ అని ఇంకొకరు, ‘బాగానే ఉన్నాను కదా’ అని మరొకరు. 1991లో కెనడాలో చేసిన అధ్యయనంలో బాగా ఉన్నవాళ్లలో కొందరికి ఈ మందు ఆపి చూశారు. ఆపినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం రెండున్నర రెట్లు ఎక్కువ. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ నాళాల మీద దెబ్బ పడుతుంది, స్టెరాయిడ్ పెంచాల్సి వస్తుంది. పైగా ఈ మందు కొలెస్ట్రాల్‌ను, షుగర్‌ను, రక్తం గడ్డకట్టడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. ఇన్ని పనులు చేసే మందు లూపస్‌లో ఇంకోటి లేదు.

కళ్ల భయం వట్టిది కాదు, కానీ దానికి లెక్క ఉంది. రోజుకు మీ బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బరువు 50 కిలోలు అనుకుందాం. 50ని 5తో హెచ్చిస్తే 250. ఆ సైజు మాత్ర మామూలుగా దొరకదు కాబట్టి ఒకరోజు 200, మరుసటి రోజు 300 రాస్తే సగటు 250 అవుతుంది. మీకు రోజూ 400 నడుస్తూ బరువు 50 కిలోలే ఉంటే డాక్టర్‌ను అడగండి. జబ్బు తీవ్రతను బట్టి కొన్నాళ్లు ఎక్కువ ఇవ్వడమూ ఉంటుంది, మీకు మీరే తగ్గించేయకండి. ఈ మోతాదు దాటకుండా వాడినవాళ్లలో మొదటి అయిదేళ్లలో రెటీనా (కంటి లోపలి పొర) దెబ్బతినే అవకాశం ఒక శాతం కంటే తక్కువ, పదేళ్ల దాకా రెండు శాతం లోపు. ఇరవై ఏళ్లు దాటాక బాగా పెరుగుతుంది. అందుకే మందు మొదలైన ఏడాదిలోపు ఒకసారి రెటీనా చూపించుకోవాలి, అయిదేళ్ల తర్వాత ఏటా చూపించుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మొదటి నుంచీ ఏటా వెళ్లడం మంచిది. కళ్లద్దాల నంబర్ చూసే పరీక్ష దీనికి చాలదు. ఓసీటీ, విజువల్ ఫీల్డ్ అని అడిగి చేయించుకోండి.

స్టెరాయిడ్ లెక్క మీకు తెలియాలి

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాపాడేది స్టెరాయిడే, దాన్ని తిట్టిపోయడం న్యాయం కాదు. కానీ ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే బీపీ, షుగర్, బరువు, కొలెస్ట్రాల్ అన్నీ పెరుగుతాయి. జబ్బు అదుపులోకి వచ్చాక రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు మించకుండా, వీలైతే పూర్తిగా మాన్పించేలా చూడాలన్నది 2023 నాటి యూరప్ మార్గదర్శకం.

మీ చీటీలో వేరే పేరు ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. ప్రెడ్నిసోలోన్ 5, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 4, డెఫ్లాజకార్ట్ 6, డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములు, ఇవన్నీ సమానం. డెఫ్లాజకార్ట్ 12 రోజూ వేసుకుంటూ ‘నాది చిన్న డోసే’ అనుకునేవాళ్లున్నారు, అది ప్రెడ్నిసోలోన్ 10తో సమానం. ఆరు నెలలుగా ఒకే మోతాదు సాగుతుంటే, ‘దీన్ని 5కు దించడానికి ఇంకేం మందు కలపొచ్చు?’ అని అడగండి. అలా అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు. ఒక్కసారిగా మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు.

కీళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే పేరు లేని పొట్లాలు, రెండు రోజుల్లో లేపి నిలబెట్టే ఇంజెక్షన్లు చాలావరకు స్టెరాయిడ్లే. మీ రుమటాలజిస్టు 20 నుంచి 5కు దించడానికి పడ్డ ఏడాది శ్రమ అలా రెండు నెలల్లో పోతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచి కిడ్నీలను దెబ్బతీస్తాయి, వారాల తరబడి వాడకండి. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, కషాయాలు ఎవరు ప్రేమగా తెచ్చిచ్చినా వద్దనండి. లూపస్‌లో ఇమ్యూనిటీ ఇప్పటికే అదుపు తప్పి ఉంది. తిప్పతీగ వాడినవాళ్లకు కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో మన దేశపు డాక్టర్లే ప్రచురించారు.

వంటింట్లో

రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి. కూరలో, పప్పులో, పెరుగన్నంలో వేసుకునేదంతా అందులోకే వస్తుంది. ఆవకాయ, గోంగూర నిల్వ పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఇవన్నీ ఉప్పు మీద నిలిచేవే. వీటిని పూర్తిగా మానమంటే ఎవరూ నాలుగు రోజులు కూడా ఆగరు, అందుకని నేనలా చెప్పను. రోజూ పళ్లెంలోకి వచ్చేవాటిని వారానికోసారికి మార్చండి, మిగతా రోజులు ఉప్పు తగ్గించి చేసిన రోటి పచ్చడి వేసుకోండి. పులుపు ఉంటే ఉప్పు లేని లోటు అంతగా తెలియదు, నిమ్మరసం, పచ్చి మామిడి, చింతచిగురు అందుకు పనికొస్తాయి. ప్యాకెట్ల మీద సోడియం అంకె చూడండి, రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు గరిష్ఠం. ‘లో సోడియం’ ఉప్పు కొనే ముందు ఆగండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, కిడ్నీ కోసం టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం.

స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, ముఖ్యంగా రాత్రి పూట. పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు, గుడ్డు పెంచితే షుగర్ అంత ఎగబాకదు.

ఎండ తగలకుండా నడక

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అంటే అరగంట చొప్పున అయిదు రోజులు. ఎండ లూపస్‌ను రెచ్చగొడుతుంది కాబట్టి మన ఎండలకు పొద్దెక్కక ముందో పొద్దు గూకాకో నడవాలి. బయటికి వెళ్లలేకపోతే అపార్ట్‌మెంట్ వరండాలో పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కే. నీరసంగా ఉన్న రోజు అయిదు నిమిషాలు చాలు. నీరసం వల్ల కదలరు, కదలకపోతే నీరసం ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ఏసీ గదిలో వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే గ్లవుజులు, సాక్సులు వేసుకోండి, డాక్టర్‌కు చెప్పండి. వేలి కొసల మీద పుండ్లు పడితే ఆలస్యం చేయొద్దు.

పొగాకు ఏ రూపంలోనూ వద్దు. పొగ తాగితే చర్మ లూపస్ మీద హైడ్రాక్సీక్లోరోక్విన్ సరిగా పనిచేయదు కూడా. ఇంట్లో భర్తో మామగారో తాగుతుంటే బయటికి వెళ్లి తాగమనడానికి మొహమాటపడొద్దు.

కొలెస్ట్రాల్ మందు కావాలా?

లూపస్ ఉందని అందరికీ స్టాటిన్ అక్కర్లేదు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో రెండేళ్లు అటోర్వాస్టాటిన్ ఇచ్చినా గుండె ధమనుల్లో కాల్షియం పేరుకోవడం తగ్గలేదు. కానీ ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు, షుగర్, కిడ్నీ జబ్బు తోడైనవాళ్లకు అది తప్పకుండా అవసరం పడొచ్చు. గుండె ముప్పు లెక్కగట్టే చాలా కాలిక్యులేటర్లలో లూపస్ అనే గడి ఉండదు, అందుకే వాటిలో మీకు ‘లో రిస్క్’ అని వస్తుంది. బ్రిటన్‌లో వాడే క్యూరిస్క్3లో లూపస్‌ను, స్టెరాయిడ్‌ను కలిపి లెక్కిస్తారు. ఆ సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

అర్జెంటుగా వెళ్లాల్సిన సందర్భాలు

ఛాతీలో బరువు, దవడకో భుజానికో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమటలు, వికారం, మామూలుగా ఎక్కే మెట్లకే ఆయాసం. వీటిని గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవద్దు. లూపస్‌లో గుండె పొర, ఊపిరితిత్తుల పొర వాచి కూడా నొప్పి వస్తుంది, గాలి పీల్చినప్పుడు అది ఎక్కువవుతుంది. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో వయసు చూసి తేలిగ్గా తీసుకుంటే, ‘లూపస్ ఉంది, ఈసీజీ, ట్రోపోనిన్ చేయండి’ అని గట్టిగా చెప్పండి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే వ్యవధి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడితే అది సిరలో గడ్డ కావచ్చు, ఆ రోజే చూపించండి.

పిల్లలు కావాలనుకుంటే

జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉన్నాక, ముందే డాక్టర్‌తో మాట్లాడి ప్రయత్నించండి. టెల్మిసార్టన్, రామిప్రిల్, లూపస్‌కు వాడే మైకోఫినోలేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి. స్టాటిన్ కూడా మామూలుగా ఆపుతారు. వీటికి బదులు ఏం వాడాలో గర్భం రాకముందే తేల్చుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ కొనసాగించాలి, ఇంట్లో పెద్దవాళ్లు ఆపమన్నా సరే. మూడో నెల దాటే సమయంలో తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం సాధారణం, గర్భిణుల్లో వచ్చే ప్రమాదకరమైన బీపీని తగ్గించడానికి. ఆ బీపీ ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాతి ఏళ్లలో గుండె జబ్బు ముప్పు ఎక్కువ. కాబట్టి కాన్పు తర్వాత ఆరు వారాలకు బీపీ, యూరిన్ ప్రోటీన్ మళ్లీ చూపించుకోండి, ఆ తర్వాత ఎన్నేళ్లకైనా ఏ గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లినా ‘గర్భంలో నాకు బీపీ వచ్చింది’ అని అడగకపోయినా చెప్పండి.